పాత బొమ్మల కట్ట విప్పారా? దిద్దకుండా మళ్లీ గీయడం ఎలా

"అన్నా, అటక మీద నుంచి పాత డ్రాయింగ్ పుస్తకాలు దించినాం. చూస్తే సిగ్గేస్తా ఉంది. చించి పారేసేదా, దిద్దుకునేదా?"

మా తిరుపతిలో ఎవరి దగ్గరా నేర్చుకోకుండా సొంతంగా బొమ్మలేసుకునే వాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక తగ్గింది కాబట్టి అంతా ఒకచోట రాసిపెడుతున్నాను.

సూటిగా చెప్పాలంటే: పారేయొద్దు, దిద్దొద్దు. పాత బొమ్మ మీద పెన్సిల్ ఆనించనే వద్దు. అప్పుడు గీసినదాన్నే కొత్త కాగితం మీద మళ్లీ గీయండి. డ్రాయింగ్ మాస్టారు పక్కన ఉన్నవాళ్లకు తప్పు ఎక్కడుందో ఆయన చూపిస్తాడు. మనకు ఆ పని చేసిపెట్టేది పాత బొమ్మ ఒక్కటే. దాన్ని కూడా రబ్బరుతో చెరిపేస్తే ఇక అడగడానికి ఎవరూ ఉండరు.

కావలసినవి

- పాత బొమ్మలు. కట్ట మొత్తం ఒకేసారి ముందేసుకోవద్దు, ఒక పుస్తకం చాలు.
- మెత్తటి పెయింటింగ్ బ్రష్, దుమ్ము దులపడానికి.
- ఫోన్ కెమెరా.
- ట్రేసింగ్ పేపర్. స్టేషనరీ షాపులో బటర్ పేపర్ అని అడిగినా ఇస్తారు. కిరాణా కొట్లో దొరికే వంటింటి బటర్ పేపర్ వద్దు, దాని మీద పెన్సిల్ జారిపోతుంది.
- ఎర్ర పెన్ను. ఇది ట్రేసింగ్ పేపర్ మీద గీయడానికి మాత్రమే.
- హెచ్‌బి, 2బి, 6బి పెన్సిళ్లు ఒక్కొక్కటి. బి ముందు అంకె పెరిగే కొద్దీ గీత నల్లగా పడుతుంది.
- కార్ట్రిడ్జ్ షీట్లు, అంటే బొమ్మలకు వాడే మందపాటి కాగితం. లేకపోతే జెరాక్స్ కాగితంతో మొదలుపెట్టినా నష్టం లేదు.
- పిల్లల సర్టిఫికెట్లు పెట్టుకునేలాంటి ఫైలు.

1. కట్ట విప్పడం

పొడిగా ఉన్న రోజు చూసుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వానలు. గాలిలో తేమకు కాగితాలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి, తొందరపడితే చిరుగుతాయి. అట్లాగని మే నెల ఎండలో మిద్దె మీద వడియాల్లా ఆరబెట్టకండి. నలభై డిగ్రీలు దాటే ఆ ఎండకు న్యూస్‌ప్రింట్ కాగితం అప్పడంలా పెళుసెక్కుతుంది, స్కెచ్ పెన్ రంగులు ఎగిరిపోతాయి. నీడలో, ఫ్యాన్ ఆపేసి, కింద పాత దుప్పటి పరిచి కూర్చోండి.

వేలు తడి చేసుకుని పేజీలు తిప్పే అలవాటుంటే ఇక్కడ మానుకోండి. చెదలు తిన్న పుస్తకం, వెండి రంగు పురుగులు పరిగెత్తిన పుస్తకం కనిపిస్తే వాటిని వేరే గదిలో పెట్టండి, మిగతావాటితో కలపొద్దు. ఆ వెండి పురుగులకు మైదా జిగురంటే ప్రాణం, కాబట్టి జిగురుతో అతికించిన పేజీలను ముందు చూడండి.

తుప్పు పట్టిన స్టాప్లర్ పిన్నులను వెనక నుంచి కాళ్లు పైకి లేపి తీయండి. పచ్చబడిన సెలోటేపును మాత్రం లాగొద్దు. దాంతోపాటు కాగితం పై పొర, దాని మీదున్న బొమ్మ కూడా ఊడొస్తాయి. ఉన్నదాన్ని ఉన్నట్టే వదిలేసి ముందుకు వెళ్లండి.

2. ఫోటో తీయడం

మిగతా పనులకన్నా ముందు ఫోటో. కిటికీ పక్కన, నేరుగా ఎండ పడనిచోట బొమ్మను నేల మీద పెట్టి, ఫోన్‌ను సరిగ్గా దాని నడిమికి పైన పట్టుకోండి. ఫ్లాష్ వద్దు. కెమెరాలో గ్రిడ్ ఆన్ చేస్తే కాగితం అంచులు వంకర పోవు. పక్కన ఒక తెల్ల కాగితం ముక్క కూడా పడేలా తీస్తే, పాత కాగితం ఎంత పచ్చబడిందో తర్వాత తెలుస్తుంది.

ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. డాక్యుమెంట్ స్కానర్ యాప్‌లో బ్లాక్ అండ్ వైట్ మోడ్ పెట్టి తీస్తారు. అది బిల్లులకు పనికొస్తుంది గానీ బొమ్మలకు కాదు. పలచటి పెన్సిల్ గీతలన్నీ మింగేసి నల్లటివి మాత్రమే మిగులుస్తుంది. మనకు కావలసింది ఆ పలచటి గీతలే, చెయ్యి ఎక్కడ తడబడిందో చెప్పేవి అవే. జెరాక్స్ షాపులో స్కాన్ చేయించేటట్టయితే 300 డీపీఐ, కలర్ అని చెప్పండి. బొమ్మను రోలర్ ఉన్న ఫీడర్‌లో పెట్టనివ్వకండి, అద్దం మీద పెట్టి తీయమనండి.

3. తేదీ పట్టుకోవడం

చాలా బొమ్మల మీద తేదీ ఉండదు. అది లేకపోతే ఏది ముందు, ఏది తర్వాత అన్నది తెలియదు, మీ చెయ్యి ఎటు నుంచి ఎటు వచ్చిందో అర్థం కాదు. కొంచెం పరిశోధన చేయాలి. నన్నడిగితే ఈ మొత్తం పనిలో సరదా అయిన భాగం ఇదే.

మొదట కాగితాన్ని తిప్పి చూడండి. లెక్కల నోట్సు వెనక గీశారా, ఏ తరగతి నోట్సు? పుస్తకం అట్ట మీద అడ్రసు రాసుందా? తిరుపతి కింద "చిత్తూరు జిల్లా" అని ఉంటే అది బహుశా 2022 ఏప్రిల్ 4కు ముందుది, తిరుపతి జిల్లా ఆ రోజు ఏర్పడింది. బహుశా అని ఎందుకంటున్నానంటే, అలవాటు కొద్దీ ఇప్పటికీ పాత జిల్లా పేరే రాసేవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు.

తర్వాత బొమ్మలో ఉన్నదాన్నే అడగండి. శ్రీకాళహస్తి రాజగోపురం గీశారనుకోండి. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన ఆ గోపురం 2010 మే 26న కూలిపోయింది. ఇప్పుడక్కడున్న కొత్త గోపురానికి కుంభాభిషేకం జరిగింది 2017లో. కాబట్టి మీ బొమ్మలో గోపురం మీద పగుళ్లు, గడ్డి మొక్కలు ఉంటే అది పాతది. గోపురమే లేకుండా ఆకాశం ఖాళీగా ఉంటే మధ్య ఏళ్లలోది. అట్లాంటి బొమ్మ దొరికితే గీత ఎంత వంకరగా ఉన్నా సరే, దాన్ని మళ్లీ గీసే కుప్పలో వేయకండి. నేరుగా చూసి గీసింది ఇక మళ్లీ గీయలేరు.

వేళ కూడా తెలుస్తుంది. తిరుపతి ఊళ్లో నుంచి కొండ వైపు చూస్తే మీరు ఉత్తరానికి తిరిగినట్టు, తూర్పు మీ కుడిచేతి వైపు. బొమ్మలో బండల ఎడమ పక్క నీడ ఉంటే పొద్దున గీశారు, కుడి పక్క ఉంటే సాయంత్రం. రెండు పక్కలా నీడ ఉంటే ఏ వేళా కాదు, ఇంట్లో కూర్చుని ఊహించి గీశారు. అది కూడా తెలుసుకోదగ్గదే.

తేలిన తేదీని బొమ్మ వెనక ఒక మూల 2బి పెన్సిల్‌తో తేలికగా రాయండి. ఖాయం కాకపోతే పక్కన ప్రశ్న గుర్తు పెట్టండి. బాల్ పెన్ను వద్దు, ఇంకు ముందు వైపుకు దిగుతుంది, ఒత్తిన గుర్తు కూడా పడుతుంది.

4. మూడు కుప్పలు

మొదటి కుప్ప ముట్టుకోనివి: ఇప్పుడు లేని మనుషులవి, ఇప్పుడు లేని కట్టడాలవి, చిన్నప్పుడు గీసినవి. గంగమ్మ జాతరలో బైరాగి వేషమో తోటి వేషమో చూసొచ్చి ఆ రాత్రే గీసుకున్న బొమ్మ ఉంటే అది కూడా ఇందులోకే. స్కెచ్ పెన్ ఎరుపు ఇప్పుడు గులాబీ రంగులోకి దిగిపోయి ఉంటుంది. మళ్లీ ఎరుపు పూయాలనిపిస్తుంది, పూయకండి.

రెండో కుప్ప మళ్లీ గీయదగ్గవి. ఎదురుగా చూసి గీసినవి, ఇప్పుడు కూడా వెళ్లి చూడగలిగినవి.

మూడోది క్యాలెండర్ చూసో, పత్రిక అట్ట చూసో, సినిమా పోస్టర్ చూసో దించినవి. సొంతంగా నేర్చుకున్న అందరి దగ్గరా ఈ కుప్పే పెద్దది, అందులో తప్పేం లేదు. కానీ వీటిని మళ్లీ గీసి ఎక్కువ నేర్చుకోలేరు. వెలుగు ఎటు, ఏది వదిలేయాలి అన్న నిర్ణయాలన్నీ ఆ అసలు చిత్రకారుడో కెమెరానో అప్పటికే చేసేసి ఉంటుంది. ఫైలులో పెట్టేయండి.

రెండో కుప్పలో నుంచి మూడింటిని ఏరుకోండి. ఎక్కువ ఏరుకున్నవాళ్లు మధ్యలో వదిలేయడమే చూశాను. బాగున్నవి, మరీ బాగాలేనివి రెండూ వద్దు. "ఇందులో ఏదో తేడా ఉంది గానీ ఏంటో తెలియట్లేదు" అనిపించేవి తీసుకోండి.

5. తప్పు ఎక్కడుందో చదవడం

ఫోటోను ఫోన్‌లో అద్దంలో చూసినట్టు తిప్పండి. ఎడిట్‌లోకి వెళ్లి ఫ్లిప్ నొక్కితే చాలు. కన్ను అలవాటు పడిపోయిన వంకరలన్నీ ఒక్కసారిగా బయటపడతాయి. ఒక కన్ను కిందికి జారి ఉంటుంది, గోపురం ఒక పక్కకు వాలి ఉంటుంది.

తర్వాత అదే ఫోటోను బ్లాక్ అండ్ వైట్ చేసి, కళ్లు చికిలించి చూడండి. అంతా ఒకే బూడిద రంగు ముద్దగా కనిపిస్తే మీరు ఒకే పెన్సిల్‌తో మొత్తం లాగించారని. నల్లగా ఉండాల్సినచోట నలుపు పెట్టడానికి భయపడటం అందరికీ ఉండేదే. 6బి అందుకే తెమ్మన్నాను.

ఇప్పుడు బొమ్మ మీద ట్రేసింగ్ పేపర్ వేసి ఎర్ర పెన్నుతో తప్పులు గుర్తు పెట్టండి. గట్టిగా ఒత్తకండి, కింద బొమ్మకు గాటు పడుతుంది. భయమైతే ఫోటోను ప్రింట్ తీసి దాని మీదే చేయండి. ఫోన్‌లో గీసేవాళ్లు ఐబిస్‌పెయింట్ లాంటి యాప్‌లో పాత ఫోటోను పలచన చేసి, పైన కొత్త లేయర్‌లో గుర్తులు పెట్టొచ్చు.

వెతకాల్సినవి, నాకు ఎక్కువగా కనిపించినవి ఇవి.

ముఖాల్లో కళ్లు నుదుటి మీదికి ఎక్కి ఉంటాయి. నడినెత్తి నుంచి గడ్డం దాకా స్కేలుతో కొలిచి సగం దగ్గర గీత పెట్టండి, పెద్దవాళ్ల కళ్లు దాదాపు ఆ గీత మీద ఉండాలి. చిన్నపిల్లలకైతే ఇంకా కిందికి. మనం ముఖం అంటే కళ్లు, ముక్కు, నోరే అనుకుంటాం కాబట్టి పైన తల కోసేస్తాం, అదే దీనికి మూలం.

బిందెలు, చెంబులు. మూతి గుండ్రం రెండు చివర్లా కోసుగా, చేప ఆకారంలో ఉంటే తప్పు. అడుగు భాగాన్ని స్కేలు పెట్టినట్టు గీస్తే అదీ తప్పే. కంటికన్నా కింద పెట్టిన బిందెకు అడుగు వంపు మూతి వంపుకన్నా ఇంకాస్త ఎక్కువగా ఉండాలి.

చేతులు కనిపించవు. వీపు వెనకో, జేబులోనో, పైట కిందో దాక్కుని ఉంటాయి. కట్టలో ఎన్ని బొమ్మల్లో చేతులు దాచారో చూస్తే మీకే నవ్వొస్తుంది.

ఇక గోపురాలు. తిరుపతిలో బొమ్మలేసే ప్రతివాళ్ల దగ్గరా గోవిందరాజస్వామి గుడి గోపురం ఒకటి ఉంటుంది. మట్లి అనంతరాజు కట్టించినది, ఏడంతస్తులు. ముందు మీ బొమ్మలో అంతస్తులు లెక్కపెట్టండి. ఐదో ఆరో ఉంటే కారణం నేను చెప్పగలను: కింద ద్వారం దగ్గర మొదలుపెట్టి, శిల్పాలన్నీ ముద్దుగా చెక్కుకుంటూ పైకి వెళ్లారు, కలశాల దగ్గరికి వచ్చేసరికి కాగితం అయిపోయింది. అంతస్తులన్నీ ఒకే ఎత్తులో నిచ్చెన మెట్లలా ఉంటే అది రెండో తప్పు. పైకి పోయే కొద్దీ వెడల్పుతోపాటు ఎత్తు కూడా తగ్గుతుంది.

గుర్తులన్నీ పెట్టాక ఒక్కో బొమ్మకు ఒకే తప్పు ఎంచుకోండి. ట్రేసింగ్ పేపర్ అడుగున రాయండి: "ఈసారి కొలతలు" అనో, "ఈసారి నలుపు" అనో. అన్నీ ఒకేసారి సరిచేయబోతే ఏదీ కుదరదు.

6. మళ్లీ గీయడం

పాత బొమ్మను ఇంట్లోనే వదిలి వెళ్లండి. పక్కన పెట్టుకుంటే కన్ను ఎదురుగా ఉన్నదాన్ని చూడదు, పాత తప్పునే శుభ్రంగా మళ్లీ రాస్తుంది. నిలబడిన చోటు తెలియడానికి ఫోన్‌లో ఫోటో ఉంటే చాలు, అది చూసుకుని ఫోన్ జేబులో వేసుకోండి.

అదే చోటు, అదే వేళ, వీలైతే అదే కాలం. కపిలతీర్థం బొమ్మ కార్తీకంలో, జలపాతం నిండుగా దూకుతున్నప్పుడు గీసి ఉంటే, ఎండాకాలంలో ఎండిన బండ ముందు కూర్చుని దాన్ని మళ్లీ గీసి లాభం లేదు. తేడా మీ చేతిదా, నీళ్లదా అన్నది తేలదు.

గోపురమైతే దాని ఎత్తుకు రెండింతల దూరమైనా వెనక్కి వెళ్లండి. గుడి వీధుల్లో అంత చోటు, అంత ఖాళీ దొరకడం కష్టమే, తెల్లవారుజామున అయితే కొంత నయం. అక్కడ కుదరకపోతే చంద్రగిరి కోటకు వెళ్లండి, పట్నం నుంచి పది పన్నెండు కిలోమీటర్లు. రాజమహల్ ముందు ఆరుబయట కావలసినంత దూరం జరగొచ్చు. మూడంతస్తులు, వరసగా కమానులు, పైన శిఖరాలు. కొలతలు నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి కట్టడం దగ్గరలో లేదు.

కూర్చున్నాక వరస ఇది:

మొదట కాగితం పైన, కింద రెండు చిన్న గీతలు పెట్టండి. పైది శిఖరం కొస, కిందది నేల. ఇక ఏం జరిగినా ఈ రెండింటి మధ్యే. తర్వాత నడుమ నిలువు గీత. తర్వాత చెయ్యి పూర్తిగా చాపి, మోచెయ్యి వంచకుండా, పెన్సిల్‌తో వెడల్పు ఎత్తులో ఎన్నో వంతో కొలవండి. మోచెయ్యి కొంచెం వంగినా కొలత మారిపోతుంది. తర్వాత మీ కంటి మట్టం ఎక్కడికి వస్తుందో ఒక అడ్డగీత. రాజమహల్‌ను పక్క నుంచి చూస్తుంటే ఆ గీతకు పైనున్న అంతస్తుల అంచులన్నీ దూరం పోయే కొద్దీ దాని వైపు దిగాలి, కిందున్నవి ఎక్కాలి. ఇవన్నీ అయ్యాకే కమాను, కిటికీ, బొమ్మలు, పావురాలు.

ఈ మొదటి గీతలకు పెన్సిల్‌కన్నా బొగ్గు మేలు. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు చేసేది చూడండి. గుడ్డ మీద మొదట చింత పుల్ల బొగ్గుతో రూపం వేసుకుంటారు, ఆ తర్వాతే కలంతో కసిమి గీత. బెల్లం, తుప్పు ఇనుము నీళ్లలో పులియబెట్టిన ఆ నలుపు గుడ్డకు పట్టిందంటే పోదు, బొగ్గైతే దులిపితే పోతుంది. ఇంట్లో చేసుకోవాలంటే పెన్సిల్ లావు చింత పుల్లలు బెరడు తీసి ఎండబెట్టి, చిన్న రేకు డబ్బాలో కిక్కిరిసేలా పేర్చి, మూతకు మేకుతో ఒక చిల్లు పెట్టి, ఆరుబయట నిప్పుల్లో ఉంచండి. చిల్లు మరిచిపోతే డబ్బా పేలుతుంది. పొగ రావడం ఆగాక బయటికి తీసి పూర్తిగా చల్లారనివ్వండి, వేడిగా ఉండగా మూత తీస్తే గాలి తగిలి పుల్లలు అంటుకుంటాయి. చిన్నపిల్లలను దగ్గరికి రానివ్వకండి.

మనుషుల బొమ్మలైతే అదే మనిషిని మళ్లీ కూర్చోబెట్టండి. అమ్మ పన్నెండేళ్ల కిందటి బొమ్మలోలా ఉండదు, ఆ ముఖమే రావాలని పట్టుబట్టకండి. ఇప్పుడున్న ముఖాన్ని గీయండి, కళ్లు మాత్రం సగం గీత మీద పెట్టండి.

7. ఫలితం చూసుకోవడం

గీసిన రోజే పోల్చకండి. ఆ రోజు కొత్తది తప్పకుండా బాగున్నట్టే కనిపిస్తుంది. ఒక వారం గడిచాక రెండు ఫోటోలూ ఒకే సైజులో పక్కపక్కన పెట్టండి. ఫోన్‌లో ఏ కొలాజ్ యాప్ అయినా చాలు. ఎంచుకున్న ఆ ఒక్క తప్పు పోయిందా లేదా, ముందు అది మాత్రమే చూడండి. మళ్లీ ఫ్లిప్ చేసి చూడండి. కొత్తదాన్ని గోడకు ఆనించి గదికి ఆ చివర నిలబడి చూడండి, ఏం గీశారో అక్కడికి అర్థమవుతోందా?

ఎవరినైనా అడిగేటప్పుడు "ఎట్లుంది?" అని అడగొద్దు. మన ఊళ్లో దానికి "సూపర్‌గా ఉంది" తప్ప ఇంకో జవాబు రాదు. "ఇది పొద్దునా, సాయంత్రమా?", "ఈమె వయసెంత?", "ఎక్కడ నిలబడి గీశాననుకుంటున్నావు?" అని అడగండి. జవాబు తప్పొచ్చినచోట మీకు పని ఉంది.

కొందరికి కొలతలన్నీ కుదురుతాయి గానీ కొత్త బొమ్మ బిగుసుకుపోయినట్టు ఉంటుంది, తప్పులతో ఉన్నా పాతదే బాగుందనిపిస్తుంది. ఇది చాలామందికి జరుగుతుంది, భ్రమ కాదు. చిన్నప్పుడు వేగంగా గీశారు, ఇప్పుడు భయపడుతూ గీస్తున్నారు. అదే కట్టడాన్ని ఈసారి ఇరవై నిమిషాలు టైమర్ పెట్టుకుని గీయండి, మోగగానే ఆపేయండి. రబ్బరు ఇంట్లో పెట్టి వెళ్లండి. అప్పటికీ రాకపోతే ఆ బొమ్మను కొన్ని నెలలు వదిలేసి రెండోది అందుకోండి.

8. దాచడం

పాతదీ కొత్తదీ ఒకే ఫైలు కవరులో, మధ్యలో ట్రేసింగ్ పేపర్ పెట్టి దాచండి. ఎర్ర గుర్తుల కాగితం కూడా అందులోనే ఉండాలి, లేకపోతే ఏ తప్పు కోసం మళ్లీ గీశారో మరిచిపోతారు. బొగ్గు, 6బి చెరిగిపోకుండా కొందరు హెయిర్ స్ప్రే కొడతారు. అది పోను పోను పచ్చబడుతుంది. దుకాణంలో ఫిక్సేటివ్ అని అడిగి తెచ్చుకోండి, ఆరుబయట దూరం నుంచి పలచగా కొట్టండి. కలంకారీ గుడ్డను కరక్కాయ, గేదెపాలల్లో ముంచి రంగు చెదరకుండా చేస్తారు కదా, మన కాగితానికీ పాలు పూద్దామా అని ఒకరు అడిగారు. గుడ్డను తర్వాత ఉతుకుతారు, కాగితాన్ని ఉతకలేం. పాలు పూసిన కాగితానికి వానాకాలంలో బూజు, చీమలు ఖాయం.

అటక మీద పెట్టొద్దు, ఎండకు పైకప్పు కింద వేడి అంతా అక్కడే చేరుతుంది. బయటి గోడకు ఆనుకున్న అల్మారా వద్దు, వానలకు చెమ్మ దిగుతుంది. లోపలి గదిలో, నేలకు జానెడు ఎత్తున, ఫైలును పడుకోబెట్టి ఉంచండి. డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి, ప్రతి వానాకాలం ముందు మార్చండి.

లామినేషన్ గురించి కూడా అడుగుతుంటారు. చేయించొద్దు. ఆ వేడికి మైనపు రంగులు కరిగి పాకుతాయి, ఒకసారి ప్లాస్టిక్‌లో అతుక్కున్న కాగితం ఇక బయటికి రాదు. గోడకు పెట్టుకోవాలనిపిస్తే స్కాన్ నుంచి ప్రింట్ తీయించి దానికి ఫ్రేము కట్టించండి, అసలుది ఫైలులోనే ఉండనివ్వండి.